మా అత్త బాగులేదని వేసిన కేసు

మా అత్తని ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే ఆవిడ నోట్లోంచి వచ్చే జవాబు ఒక్కటే. "బావున్నాను." జ్వరంతో దుప్పటి ముసుగేసుకుని మూలుగుతున్నప్పుడు అడిగినా అంతే, పన్ను పీకించుకుని బుగ్గ బూరెలా ఉబ్బినప్పుడు అడిగినా అంతే. బాగులేదని నోటితో అనకూడదట. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారట, విని తథాస్తు అనేస్తారట. ఇది ఆవిడ ఒక్కదాని పట్టింపు కాదు. ఖిదిర్‌పూర్‌లో మేమున్న కలకత్తా పోర్టు క్వార్టర్ల లైనులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లందరూ అంతే. అలాంటి మనిషిని కోర్టుకి తీసుకెళ్లి, నాకు బాగులేదు, నా మనసు చెదిరిపోయింది, పరిహారం ఇప్పించండి అని చెప్పించాలని మేం బయల్దేరాం. మా తెలివి ఎంతటిదో మీరే చూడండి.

నాది విశాఖపట్నం. ఎనభైల మొదట్లో పెళ్లయి కలకత్తా వచ్చాను. మామగారు డాకుల్లో, అంటే ఓడలు ఆగే రేవులో, బస్తాలు మోసి మోసి నేను రాకముందే కాలం చేశారు. మా ఆయన అదే పోర్టులో గుమాస్తా. నా నోరు మంచిది కాదని పుట్టింట్లోనే పేరుంది. ఆ నోటితోనే కొళాయి దగ్గర బిందెల వరసలో పోట్లాడి పోట్లాడి ఏడాది తిరక్కుండా బెంగాలీ నేర్చేసుకున్నాను. కోపంలో నేర్చుకున్న భాష తొందరగా వస్తుంది. వచ్చింది పోదు కూడా.

కలకత్తాలో నన్ను మొదట హడలగొట్టింది బస్సు. రద్దీకి కాదు. కూర్చున్నవాళ్ల ఒళ్లో నిలబడ్డవాళ్లు తమ సామాను పెట్టేస్తారు. అడగడం లేదు, బతిమాలడం లేదు. చేతిసంచీ, కూరగాయల బుట్ట, టిఫిన్ డబ్బా, ఆఖరికి చంటిపిల్లలు. మొదటిసారి ఒకావిడ తన పిల్లాణ్ని నా ఒళ్లో దించి, పైన కడ్డీ పట్టుకుని నిశ్చింతగా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడితే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముక్కూ మొహం తెలియని మనిషికి పిల్లాణ్ని ఇచ్చేస్తారా ఎక్కడైనా అని ఇంటికొచ్చి అత్త దగ్గర గోల పెట్టాను. ఆవిడ నవ్వింది. కూర్చున్న మనిషి చేతులు ఖాళీగా ఉంటాయి కదా, నిలబడ్డ మనిషి చేతులు ఖాళీగా ఉండవు కదా, ఇందులో ఆలోచించడానికి ఏముందని అడిగింది. నిజమే, ఏమీ లేదు.

చేతుల సంగతి ఆవిడకి తెలిసినంత మరొకరికి తెలియదు. మా అత్త పని పురిటి పిల్లలకి నీళ్లు పోయడం. మా లైనులో ఎవరికి కాన్పు అయినా తెల్లారేసరికి ఆవిడ అక్కడుండేది. కాళ్లు బారజాపి కూర్చుని, పిల్లని కాళ్ల మీద వేసుకుని, నూనె పట్టించి, కాళ్లూ చేతులూ సాగదీసి, ముక్కు తీర్చి, తల గుండ్రంగా రావాలని ఒత్తి, సున్నిపిండితో నలుగు పెట్టి, వేణ్నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి తల్లి పక్కన పడుకోబెడితే, ఆ పిల్ల మళ్లీ మధ్యాహ్నానికి గానీ కళ్లు తెరిచేది కాదు. మా వాళ్లకే కాదు, మెటియాబ్రుజ్‌లో దర్జీల ఇళ్లకీ వెళ్లేది. ఆ ఇళ్లలో ఉర్దూ, ఈవిడ నోట్లో శ్రీకాకుళం తెలుగు. పిల్ల మాత్రం రెండు భాషలకీ ఒకేలా ఏడ్చి ఒకేలా నిద్రపోయేది. డాకుల చుట్టుపక్కల మీసాలొచ్చిన మొగాళ్లు కూడా ఆవిడ ఎదురుపడితే సైకిలు దిగేవాళ్లు. దిగకపోతే, నిన్ను నేను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోశానురా అని నలుగురిలో అనేస్తుందని భయం.

ఒకరోజు మెటియాబ్రుజ్ నుంచి మినీబస్సులో తిరిగి వస్తోంది. కలకత్తా మినీబస్సులకి ముందు బస్సు కనిపిస్తే చాలు, పూనకం వచ్చేస్తుంది. రెండు బస్సులు పందెం వేసుకున్నాయి. డాకు గోడ పక్క మలుపులో ఈవిడ ఎక్కిన బస్సు ఒక పక్కకి ఒరిగి పడిపోయింది. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు. కొందరికి చేతులు విరిగాయి, కొందరికి తలలు పగిలాయి. మా అత్తకి గీత కూడా పడలేదు. చీర మీద మట్టి దులుపుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చి, బస్సు పడిపోయిందని చెప్పి, చారు పెట్టింది. లైనంతా వచ్చి ఎలా ఉన్నావని అడిగారు. బావున్నాను అంది. మేం నమ్మేశాం.

ఆ వారంలోనే తెలిసింది బాగులేదని. బస్సు హారన్ వినిపిస్తే కూర్చున్నది కూర్చున్నట్టే బిగుసుకుపోయేది. ఎంత దూరమైనా నడిచేది. ట్రాము మాత్రం ఎక్కేది, పట్టాల మీద పోయేది ఎక్కడికి పడిపోతుందిలే అని ఆవిడ లెక్క. నీళ్లు పోయడానికి పిలుపొస్తే మోకాళ్లు నొప్పులని చెప్పి పంపించేసేది. ఆ మోకాళ్లతోనే బజారంతా నడిచి తిరిగేది. జడుసుకుందన్నారు పక్కింటివాళ్లు. నీళ్లు మంత్రించి తాగించారు, తాయెత్తు కట్టారు, మెటియాబ్రుజ్ నుంచి ఒక ఫకీరు వచ్చి నెమలి ఈకల కట్టతో దులిపి వెళ్లాడు. తాయెత్తు మెళ్లో ఉంది, జడుపు మనిషిలో ఉంది, రెండూ కలిసి కాపరం చేశాయి.

మా లైను చివర ఎర్రజెండా కట్టిన పార్టీ ఆఫీసు ఉండేది. ఆ రోజుల్లో కొళాయి తగాదా అయినా, ఆలుమగల తగాదా అయినా మొదట అక్కడికే వెళ్లాలి. మా ఆయన అక్కడ కూర్చునే, అందరూ దాదా అంటే అన్న అని పిలిచే యూనియన్ నాయకుడికి ఈ సంగతి చెప్పుకున్నాడు. ఆయన బల్ల గుద్ది, దెబ్బ ఒంటికి తగిలితేనే దెబ్బా, మనసుకి తగిలితే కాదా, వెయ్యండి కేసు అన్నాడు. అలీపూర్ కోర్టులో తనకి తెలిసిన వకీలు దగ్గరికి పంపించాడు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మా నాన్న ఎప్పుడూ అనేవాడు. ఆ మాట చెప్పబోయాను. అప్పటికే మా ఆయన వకాల్తా మీద సంతకం పెట్టేశాడు.

వకీలు లావుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. మా అత్తని మాశీమా అని పిలిచేవాడు, అంటే వాళ్ల భాషలో పిన్నమ్మా అని. మనోవేదనకి కూడా చట్టంలో చోటుందని, అయితే వేదన కనిపించాలని చెప్పాడు. అదే మా చిక్కు. ఆవిడ మొహం ఎప్పుడు చూసినా పెళ్లికి బయల్దేరిన మొహంలా ఉంటుంది. ముందు మనసు డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెమ్మన్నాడు. సర్కారు ఆసుపత్రిలో ఆ డాక్టరు గది ముందు కూర్చోబెడితే, నాకు పిచ్చేటని ఆవిడ అక్కడున్నవాళ్లందరికీ వినపడేలా అడిగింది. డాక్టరు ఎలా ఉన్నారంటే బావున్నానంది. నిద్ర పడుతోందా అంటే బ్రహ్మాండంగా అంది. ఆయన తెలివైనవాడు. ఇంక ఏమీ అడక్కుండా కిందికి తీసుకెళ్లి, ఆసుపత్రి గేటు ముందు ఆగి ఉన్న బస్సు చూపించి ఫుట్‌బోర్డు మీద ఒక్క కాలు పెట్టమన్నాడు. ఆవిడ కాలు ఎత్తింది. పెట్టలేకపోయింది. ఎత్తిన కాలు అలాగే ఉండిపోయి, మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. డాక్టరు నెమ్మదిగా భుజం పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి సర్టిఫికెట్ రాసిచ్చాడు.

ఇంక తారీఖులు మొదలయ్యాయి. ఒక తారీఖుకి బంద్, ఒక తారీఖుకి వకీళ్ల సమ్మె, ఒకసారి పూజా సెలవులు, ఒకసారి జడ్జీ గారికి బదిలీ. ఏ ఆటంకమూ లేని రోజున కరెంటు ఉండేది కాదు. ఈ తారీఖుల మధ్య నేను నీళ్లోసుకుని, పురిటికి విశాఖపట్నం వెళ్లి, కూతుర్ని కని, మూడో నెల వెళ్లాక తిరిగొచ్చాను. కేసు మాత్రం నేను వెళ్లేటప్పుడు ఎక్కడుందో అక్కడే కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

హౌరా స్టేషన్‌కి మా అత్త ట్రాములు మారి మారి వచ్చింది. దూరం నుంచే పిల్లని చూసి, రెండు చేతులూ తిప్పి మెటికలు విరిచి, బంగారం అంది, నా తల్లి అంది. చేతులు మాత్రం చాపలేదు. నేను పిల్లని ముందుకి పెడితే, రైలు మసి చేతికంటింది, ఇంటికెళ్లాక ఎత్తుకుంటానంది. ఇంటికెళ్లాక చేతులకి చేపల వాసనంది. మర్నాడు మంగళవారమంది. ఆ తర్వాత జలుబు చేసిందని, పిల్లకి అంటుకుంటుందని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. తుమ్మగా నేనైతే ఒక్కసారి కూడా వినలేదు.

నా ఒళ్లు మండిపోయింది. ఊళ్లోవాళ్ల పిల్లలందరికీ నీళ్లు పోసిన చేతులకి సొంత మనవరాలు బరువయిందా? నాకు ఆ పని చాతకాదు. మా అమ్మ దగ్గర చూశాను గానీ నేర్చుకోలేదు. సబ్బు పట్టిస్తే పిల్ల చేప పిల్లలా జారేది, అది ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని, పక్కింటావిడ వచ్చి ఇద్దర్నీ ఊరుకోబెట్టేది. మా అత్త గుమ్మం బయట నిలబడి అటు తిరిగి వినేది. ఆవిడ వినడం నాకు తెలిసేది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు ఆ రోజుల్లో మా ఇంట్లో గిన్నెలకి చాలా సొట్టలు పడ్డాయి.

చివరికి ఆవిడ సాక్ష్యానికి రోజు వచ్చింది. బజారు బెంగాలీ ఆవిడకి వచ్చు, కానీ కోర్టులో సొంత భాషలో చెప్తేనే మంచిదని మా వకీలు అన్నాడు. కోర్టులో తెలుగు వచ్చినవాళ్లు లేరు. నేను పిల్లని చంకనేసుకుని వెనక బెంచీ మీద కూర్చుని ఉంటే, ఈవిడకి రెండు భాషలూ వచ్చని మా వకీలు నన్ను చూపించాడు. బస్సు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున వచ్చిన వకీలు లేచాడు. సన్నగా, కళ్లద్దాలతో, చాలా మర్యాదగా ఉండే మనిషి. కోడలు కాబట్టి అత్తకి అనుకూలంగా మార్చి చెప్తుందని అభ్యంతరం పెట్టాడు. జడ్జీ గారు నవ్వి, అత్తకి అనుకూలంగా మాట్లాడే కోడల్ని తన సర్వీసులో ఇంతవరకూ చూడలేదని, చూసే అవకాశం వస్తే మంచిదేనని నన్ను ముందుకి పిలిచారు. ప్రమాణం చేయించారు. ఆవిడ ఏమంటే అదే చెప్పాలి, ఆవిడ అంటోంది అని చెప్పకూడదు, నేను అనే చెప్పాలి, సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు అన్నారు. నా నోటికి అలాంటి షరతు అంతకుముందు ఎవరూ పెట్టలేదు.

ఇన్సూరెన్స్ వకీలు మొదటి ప్రశ్న చాలా ముద్దుగా అడిగాడు. ఎలా ఉన్నారు మాశీమా, అని.

"బావున్నాను బాబూ, తమ దయ," అంది మా అత్త.

మా వకీలు కళ్లు మూసుకున్నాడు. నేనేం చెయ్యను? ప్రమాణం చేశాను. నేను బాగున్నాను, మీ దయ అని బెంగాలీలో చెప్పాను. నిద్ర పడుతోందా అన్నాడు. పడుతోందంది. ఆకలి? వేస్తోందంది. ఏదైనా బాధ ఉందా? ఏ బాధా లేదు, కొడుకూ కోడలూ బంగారంలా చూసుకుంటున్నారు అంది. ఇంట్లో గిన్నెల సొట్టలు నాకు గుర్తొచ్చాయి. అయినా నన్ను కోడలు బంగారంలా చూసుకుంటోంది అని నా నోటితో నేనే చెప్పాను. ఇన్సూరెన్స్ వకీలు రెండు చేతులూ జడ్జీ గారి వైపు చాపి, ఇంక నేను అడిగేదేముందన్నట్టు కూర్చున్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. ఇది ఆవిడ మాట కాదు, నా మాట, మావాళ్లు చితి మీద పడుకోబెట్టి అడిగినా బాగున్నామనే అంటారు అని జడ్జీ గారికి చెప్పేశాను. సొంత మాట కలపకూడదని చెప్పానా లేదా అని ఆయన కోప్పడ్డారు. కోప్పడ్డాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మా అమ్మ కూడా అంతేలే అన్నారు. తర్వాత ఆయనే అడగడం మొదలుపెట్టారు. ఎలా ఉన్నారని అడగలేదు. ఏం పని చేసేవారు, ఇప్పుడు చేస్తున్నారా, ఎందుకు మానేశారు. మోకాళ్లు అంది ఆవిడ. ఆయన నా చంకలో పిల్లని చూపించి, ఈ పాప ఎవరన్నారు. మనవరాలంది. దీనికి నీళ్లు ఎవరు పోస్తారన్నారు.

మా అత్త జడ్జీ గారి వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"దీన్ని ఒకపాలి కూడా ఎత్తుకోలేదు బాబూ, నాను."

చంకలో పిల్లని పెట్టుకుని, దీన్ని నేను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు అని బెంగాలీలో గట్టిగా చెప్పాను. కోర్టంతా గొల్లుమంది. గుమాస్తా నవ్వాడు, బంట్రోతు నవ్వాడు, జడ్జీ గారు కూడా మీసాల్లో నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మా అత్తకి మాత్రం రాలేదు. ఆవిడ బోను కర్ర పట్టుకుని, ఆగకుండా చెప్పుకుపోయింది.

"ఆయాల బస్సులో ఒక ఆడమనిసి నిలబడుంది. సంటిగుంటని నా వొళ్లో ఎట్టింది. ముసిల్ది కదా, సేతులు గట్టియని అనుకుంది. బస్సు వొరిగిపోనాది. నా సేతుల్లోంచి గుంట జారిపోనాది బాబూ. దర్జీవోల మూటల మీద పడ్డాది, దానికేటీ అవలేదు, తల్లి ఎత్తుకొని ఎలిపోనాది. ఇన్నేళ్లల్ల నా సేతిలోంచి జారిన గుంట లేదు. ఆయాల్టి నుండీ ఈ సేతులు నాయి కావు. దీన్నెలగ ఎత్తుకోను?"

ఒక్కొక్క ముక్కా నేను చెప్పాలి. నేను అని చెప్పాలి. నా చేతుల్లోంచి పిల్ల జారిపోయింది అని చెప్పాను. చెప్తూ ఉంటే చంకలో ఉన్న పిల్లని పట్టుకున్న చెయ్యి దానంతట అదే బిగిసింది. ఈ చేతులు నావి కావు అని కూడా నేనే చెప్పాను. మినీబస్సు సంగతి అందరికీ తెలుసు, బస్సులో పిల్ల సంగతి ఎవరికీ తెలియదు. కొడుక్కీ చెప్పలేదు, మనసు డాక్టరుకీ చెప్పలేదు. అర్జీలో లేదు. మా వకీలు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కోర్టులో నవ్వు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. ఇన్సూరెన్స్ వకీలు లేచి, ఏదో అడగబోయి, ప్రశ్నలేమీ లేవని కూర్చున్నాడు. జడ్జీ గారు బంట్రోతుని పిలిచి మా అత్తకి మంచినీళ్లు ఇప్పించారు. నాకు కూడా ఇమ్మన్నారు.

తీర్పుకి ఇంకో తారీఖు ఇచ్చారు. ఇంటికి నడిచే వచ్చాం. నా కోపం ఎటు పోయిందో పోయింది, బదులు ఏడుపు వస్తోంది, అది ఆవిడకి కనిపించకూడదని పిల్ల బట్టలో మొహం దాచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నీళ్లు కాచి, పెరటి గచ్చు మీద కాళ్లు బారజాపుకుని కూర్చుని, పిల్లని కాళ్ల మీద వేసుకుని మా అత్తని పిలిచాను. చేతులు నీవి కాకపోతే పోయాయి, నోరు నీదే కదా, అక్కడ కూర్చుని ఎలా చెయ్యాలో చెప్పు అన్నాను. ఆవిడ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. మెడ కింద చెయ్యి పెట్టమంది. పెట్టాను. అలా కాదంది. బొటనవేలు ఎక్కడుండాలో చెప్పింది. నా బొటనవేలు అక్కడికి పోవడానికి ఒప్పుకోలేదు. పిల్ల రాగం అందుకుంది. నీకు చదువెవడు చెప్పాడే అంది. పీట నా దగ్గరికి జరిగింది. ముక్కు అలా నొక్కితే చైనావాళ్ల పిల్లవుతుందంది. ఇంకా జరిగింది. చివరికి ఓర్చుకోలేక, నా చేతి మీద తన చెయ్యి పెట్టి తోసింది.

"నాను ముట్టుకోడం లేదు, నీ సెయ్యే ముట్టుకుంది," అంది, నాకు కాదు, పైన తిరిగే దేవతలకి.

ఆ చెయ్యి వెంటనే తీసేస్తుందనుకున్నాను. తియ్యలేదు. అలా కొన్నాళ్లు మా పిల్లకి నాలుగు చేతులతో నీళ్లు పోశాం. తర్వాత పిల్ల ఆవిడ కాళ్ల మీదకి మారింది, నా చేతులు మాత్రం కింద ఉండాలని షరతు. ఆవిడ చేతులు తన మాట వింటున్నాయని నాకు కింద నుంచి తెలిసేది. ఆ మాట పైకి అంటే ఆగిపోతాయని భయం.

ఒకరోజు స్నానం మధ్యలో ఉండగా కొళాయి ఆగిపోతోందని బయట కేకలు వినపడ్డాయి. కలకత్తాలో ఆ కేక వింటే పీటల మీద పెళ్లికూతురైనా లేచి పరిగెడుతుంది. నేను చేతులు లాక్కుని, బిందె తీసుకుని పరిగెత్తాను. అక్కడ వరస తప్పించిన ఒకామెతో పోట్లాట మంచి పాకంలో ఉండగా నాకు పిల్ల గుర్తొచ్చింది. బిందె అక్కడే వదిలేసి వచ్చాను. గుమ్మంలో ఆగిపోయాను. మా అత్త ఒక్కర్తే కూర్చుని నీళ్లు పోస్తోంది. చెంబుతో పైనుంచి ధార కట్టి పోస్తూ, దుష్టులు పోవాలి, దృష్టులు పోవాలి అంటూ, మధ్యలో పిల్లని బాగా తిడుతోంది. పిల్ల గుప్పిళ్లు విప్పుకుని హాయిగా ఉంది.

"ఏటలా సూస్తావు? సాంబ్రాణి అట్రా," అంది.

సాంబ్రాణి పొగలో కళ్లు తుడుచుకోవడం ఎంత సుఖమో ఆ రోజు తెలిసింది.

ఈ సంబరం ఆపుకోలేక నేను వెళ్లి మా వకీలుతో చెప్పేశాను. ఆయన తల పట్టుకున్నాడు. తీర్పు ఇంకా రాలేదు, నయమైందని ఎవరికీ తెలియనివ్వొద్దు, అబద్ధం చెప్పమనడం లేదు, ఎవరూ అడక్కపోతే నిజం చెప్పకండి చాలు అని బతిమాలాడు. ఆ మాట ఇంట్లో చెప్తే మా అత్త ఒప్పుకోలేదు. చేతులు బాగులేవని కోర్టులో చెప్పాను, బాగయ్యాయని కూడా అక్కడే చెప్పాలంది. దేవతలకి చెప్పని మాట జడ్జీకి చెప్పినప్పుడు, దేవతలు విన్న మాట జడ్జీ వినొద్దా అని అడిగింది. దీనికి చట్టంలో కూడా జవాబు ఉండి ఉండదు.

తీర్పు రోజున ఆవిడ పట్టుచీర కట్టుకుంది. మా కేసు పిలిచేసరికి, నన్ను మోచేత్తో పొడిచి, ముందుకెళ్లి నిలబడింది. జడ్జీ గారు కాగితాల్లోంచి తలెత్తి, కనిపించగానే చనువుగా ఎలా ఉన్నారు మాశీమా అన్నారు.

"బావున్నాను బాబూ. నిజింగా బావున్నాను. నా సేతులు నాకొచ్చీసినాయి."

మా వకీలు నా కొంగు లాగుతున్నా నేను వినలేదు. బాగున్నాను, నిజంగా బాగున్నాను అని బెంగాలీలో మొదలుపెట్టాను. జడ్జీ గారు చెయ్యెత్తి ఆపేశారు. అమ్మా, ఈ మాటకి మాకు అనువాదం అక్కర్లేదు, ఆ నిజంగా అన్న ముక్క కూడా మా అమ్మ అంటుంది అని నవ్వారు. చేతుల మాట నా నోట్లోనే ఉండిపోయింది. తీర్పు ఎప్పుడో టైపు అయి ఉంది. మనోవేదన కింద పరిహారం ఇమ్మని చదివి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి, తర్వాతి కేసు పిలిచారు. ఇన్సూరెన్స్ వకీలు కూడా వెళ్తూ వెళ్తూ మా అత్తకి నమస్కారం పెట్టాడు.

బయటికొచ్చి ట్రాము ఎక్కాం. కూర్చోవడానికి చోటు దొరికింది. పిల్ల మా అత్త ఒళ్లో ఉంది. ఆవిడకి కేసు గెలిచిన ఆనందం ఏ కోశానా లేదు. నువ్వు సరిగ్గా చెప్పలేదు, అందుకే ఆయన నమ్మలేదు అని నన్ను దులిపేస్తోంది. నేను చెప్పాను, ఆయన చెప్పనివ్వలేదు అన్నాను. ఇన్నాళ్లూ బాగులేనప్పుడు బాగున్నానంటే అందరూ నమ్మారు, ఇవాళ నిజం చెప్తే ఒక్కడూ నమ్మలేదు, మీ కోర్టులు ఇంతేనా అంది. కోర్టు నాది కాదు అత్తా అన్నాను. ఇలా మేం పోట్లాడుకుంటూ ఉండగా ఒక స్టాపులో జనం ఎక్కారు. చంటిపిల్లాణ్ని ఎత్తుకున్న ఒక అమ్మాయి మా పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది. ఒక భుజానికి సంచీ, ఒక చేత్తో పిల్లాడు. మా ఒళ్లో అప్పటికే పిల్ల ఉందని చూసి, తన పిల్లాణ్ని దించకుండా ఊరుకుంది.

మా అత్త పోట్లాట మధ్యలో ఆపేసింది. మా పిల్లని తీసి నా ఒళ్లో పెట్టింది. ఖాళీ అయిన చేతులు రెండూ ఆ అమ్మాయి వైపు చాపింది.

"దావ్ మా, దావ్," అంది బెంగాలీలో. ఇవ్వమ్మా, ఇలా ఇయ్యి.

ఆ అమ్మాయి పిల్లాణ్ని ఇచ్చేసి, కడ్డీ పట్టుకుని, నిశ్చింతగా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. నేను మాత్రం మా అత్త చేతుల వంక తప్ప ఇంకెటూ చూడలేదు. మోమిన్‌పూర్ మలుపులో ట్రాము గట్టిగా ఒక కుదుపు కుదిపింది. నిలబడ్డవాళ్లందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. పిల్లాడు నిద్రలోంచి లేవలేదు.